పామ్‌టాప్‌కి ఒక పీపీ నంబరు

2004 సెప్టెంబరు. పార్వతీపురంలో ఒక ఆసుపత్రి. ఎక్స్‌రే గదిలో మిషను కవరు విప్పి నేల మీద కూర్చుని ఉన్నాను. లోపల బోర్డు మీద ఎర్ర దీపం నాలుగుసార్లు వెలిగి ఆగుతోంది, మళ్ళీ నాలుగుసార్లు. ఆ నాలుగుకి అర్థమేమిటో నా దగ్గరున్న సర్వీసు పుస్తకంలో లేదు. బయట వరండాలో చెయ్యి విరిగిన పిల్లాడిని ఒళ్ళో పెట్టుకుని వాళ్ళమ్మ కూర్చుని ఉంది. మిషను పని చెయ్యకపోతే వాళ్ళిద్దరూ ఆ చేత్తోనే విజయనగరం బస్సెక్కాలి.

చెన్నై ఆఫీసుకి ఫోన్ చేశాను. "ఆ బోర్డుకి కొత్త బులెటిన్ వచ్చింది, మెయిల్ చేస్తాను చూసుకో" అన్నాడు అవతలి మనిషి. మెయిన్ రోడ్డు మీదున్న నెట్ సెంటర్‌కి పరిగెత్తాను. పొద్దుట్నించీ టెలిఫోను లైను చచ్చిపోయిందన్నాడు అతను. వెనక్కి వచ్చి మళ్ళీ చెన్నైకి ఫోన్ చేసి, "బొమ్మలొద్దు, నాలుగుసార్ల దీపం గురించి రాసిన ముక్క మాత్రం అక్షరాలుగా టైపు చేసి పంపించండి" అని బతిమాలాను. పావుగంట ఆగి, బ్యాగులోంచి పామ్ టంగ్‌స్టన్ టి తీశాను, అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటరు అది. నోకియా 6310ఐ ఫోను చొక్కా జేబులోనే ఉంది, దాన్ని ముట్టుకోలేదు. పామ్ తెర మీద పుల్లతో రెండుసార్లు తట్టాను. అర నిమిషంలో మెయిల్ దిగింది. మొత్తం 40 కేబీ లోపే. నా ప్లానులో 10 కేబీకి 10 పైసలు, అంటే ఆ బులెటిన్ ఖరీదు 40 పైసలు. బోర్డు మీద ఒక జంపరు, అంటే రెండు మొనల్ని కలిపే చిన్న ముక్క, మార్చాలని ఉంది అందులో. మార్చాను. సాయంత్రం నాలుగింటికి పిల్లాడి చేతికి ఎక్స్‌రే తీశారు.

దీపం పట్టుకుని నా పక్కనే నిలబడ్డ వార్డు బాయ్ అడిగాడు: "ఫోను జేబులోంచి తియ్యనేలేదు కదండీ, ఉత్తరం ఎలాగొచ్చిందండీ దీన్లోకి?"

"ఫోనే తెచ్చి ఇచ్చింది బాబూ. ఈ డబ్బా అడిగింది, అది ఇచ్చింది."

ఇరవయ్యేళ్ళ పైన గడిచినా ఆ ప్రశ్నా నా జవాబూ మనసులోంచి పోలేదు. నేనీ వ్యాసం రాస్తున్నది ఆ అడగడం, ఆ ఇవ్వడం గురించే. డబ్బు కట్టి కొనుక్కున్న నెట్‌ని నా ఫోను నా చేతిలో ఉన్న ఏ పరికరానికైనా ఇవ్వగలగాలి, ఆ పరికరం ఎవరు చేసినదైనా సరే. మధ్యలో ఎవరూ అడ్డుపడకూడదు, రెండోసారి డబ్బు వసూలు చెయ్యకూడదు. ఇది నేను కోరుకుంటున్న కొత్త హక్కేమీ కాదు. ఫోన్లలో ఈ ఏర్పాటు పుట్టినప్పుడే ఇలా పుట్టింది. తర్వాత దానికి కంచెలు వేశారు.

అసలు ఫోను ఆ రోజు చేసిన పనేమిటో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా వాదనంతా అక్కడే ఉంది.

పామ్‌కి సిమ్ లేదు. టవరంటే ఏమిటో దానికి తెలియదు. దానికి తెలిసిందల్లా మోడెమ్. టెలిఫోను తీగకి తగిలించే మోడెమ్‌తో కంప్యూటర్లు ఎలా మాట్లాడేవో అదే భాషలో మాట్లాడుతుంది. ఆ భాషని 1981లో అమెరికాలో డెనిస్ హేస్ అనే ఆయన కంపెనీ తన స్మార్ట్‌మోడెమ్ కోసం తయారు చేసింది. ప్రతి ఆజ్ఞా 'ఏటీ' అనే రెండక్షరాలతో మొదలవుతుంది, 'అటెన్షన్'కి పొట్టిపేరు. 'ఇటు చూడు' అని పిలిచి పని చెప్పడమన్నమాట. ఏటీ తర్వాత డీ అంటే డయల్ చెయ్యి, హెచ్ అంటే లైను పెట్టెయ్యి, జెడ్ అంటే మొదటికి రా. హేస్ మోడెమ్ చూసి మిగతా కంపెనీలన్నీ అదే భాష నేర్పించాయి తమ మోడెమ్‌లకి. హేస్ కంపెనీ 1999లో మూతపడింది. అప్పటికే యూరప్‌లో జీఎస్ఎమ్ అనే మొబైల్ పద్ధతికి ప్రమాణాలు రాసినవాళ్ళు మొబైల్ ఫోన్లు కూడా ఈ ఏటీ మాటలు వినాలని నియమం పెట్టుకుని, వాటికి సెల్ నెట్‌వర్కుకి కావలసిన కొత్త మాటలు చేర్చారు.

అందుకని నా జేబులోని నోకియా మోడెమ్ వేషం కట్టింది. పామ్ 'ఏటీ' అంది, ఫోను 'ఓకే' అంది. స్టార్ 99 హ్యాష్‌కి డయల్ చెయ్యమంది పామ్. అది నిజమైన టెలిఫోను నంబరు కాదు, దానికి అవతల ఎవరూ ఉండరు. ఆ నంబరు వినగానే ఫోను కాల్ చెయ్యదు, జీపీఆర్ఎస్ అనే అప్పటి మొబైల్ నెట్‌వర్కుని ఒక ఐపీ అడ్రసు, అంటే నెట్‌లో ఒక చిరునామా అడుగుతుంది. అది దొరకగానే పామ్‌తో 'కనెక్ట్' అంటుంది. అవతల నిజంగా ఒక డయలప్ సర్వరు ఉన్నట్టు, పీపీపీ అనే డయలప్ పద్ధతిలోని పలకరింపులన్నీ తనే పూర్తి చేసి, అడ్రసు పామ్ చేతిలో పెడుతుంది. కీచుమనే మోత ఉండదు, ఎందుకంటే అక్కడ తీగా లేదు, రాగమూ లేదు.

ఇంకో వేషం బ్లూటూత్‌ది. ఆ రోజుల్లో మోడెమ్‌నీ కంప్యూటర్నీ కలిపేది సీరియల్ కేబులు. అందులోని తొమ్మిది తీగల్నీ గాలిలో అనుకరిస్తుంది బ్లూటూత్. మధ్యలో కేబులు తీసేశారని పామ్‌కి తెలియనే తెలియదు. ఫిన్లాండ్ కంపెనీ ఫోను, కాలిఫోర్నియా కంపెనీ పామ్, రెండూ ఒకదాని కోసం ఒకటి తయారైనవి కావు. పార్వతీపురం ఎక్స్‌రే గదిలో అవి కలిసి పని చేశాయంటే ఇరవై మూడేళ్ళ నాటి ఒక ఉమ్మడి భాష పుణ్యం. సాంకేతిక విషయాల్లో నాకు ఇంతకంటే అందంగా తోచింది ఇప్పటికీ లేదు.

బ్లూటూత్ రాకముందు పడ్డ పాట్లు కూడా చెప్పాలి. 2002లో నా దగ్గర పామ్ ఎం500, నోకియా 6210 ఉండేవి. రెండింటికీ ఇన్‌ఫ్రారెడ్ కన్ను ఉండేది, టీవీ రిమోట్ లాగా. ఒకదాని కన్ను ఇంకోదాని కంటికి ఎదురుగా, మీటరు దూరం లోపల, పక్కకి జరగకుండా ఉండాలి. బస్సులో అది అయ్యే పని కాదు. బొబ్బిలి రోడ్డు మీద ఒక్క గుంట చాలు, లైను తెగిపోయేది. అప్పట్లో జీపీఆర్ఎస్ కూడా లేదు నాకు. డేటా కాల్ సౌకర్యం విడిగా పెట్టించుకుని, సెకనుకి 9.6 కిలోబిట్లతో, నిమిషాల లెక్కన బిల్లు కడుతూ మెయిల్ దింపుకునేవాణ్ణి. తెగిపోయిన ప్రతిసారీ మళ్ళీ మొదటి నుంచి. బస్టాండు క్యాంటీన్‌లో బల్ల మీద రెండింటినీ ఎదురెదురుగా పెట్టి, మధ్యలోకి టీ గ్లాసు రాకుండా చెయ్యి అడ్డుపెట్టుకుని కూర్చున్న రోజులు చాలా ఉన్నాయి. అవి తలుచుకుంటే 6310ఐ ఇచ్చిన 40 కిలోబిట్లు ఏరువాక వాన లాంటివి. నిజానికి 40 ఎప్పుడూ వచ్చేది కాదు, పాతిక వస్తే గొప్ప. మధ్యలో ఎవరైనా ఫోన్ చేస్తే మాట పూర్తయ్యేదాకా మెయిల్ ఆగిపోయేది. అయినా రెండు చేతులూ ఖాళీగా ఉండేవి. మిషను ముందు కూర్చున్నవాడికి అది చాలు.

ఇప్పుడు పీపీ నంబరు సంగతి. నా ఈడు వాళ్ళకి చెప్పక్కర్లేదు, చిన్నవాళ్ళ కోసం చెబుతున్నాను. వీధికి ఒకటో రెండో ఫోన్లుండే రోజుల్లో, ఫోను లేనివాళ్ళు ఉద్యోగాల దరఖాస్తుల్లో, శుభలేఖల మీద ఎదురింటి నంబరు రాసి పక్కన 'పి.పి.' అని పెట్టేవారు. ట్రంకుకాల్ కాలంలో ఫలానా మనిషినే పిలవమని చెప్పే 'పర్టిక్యులర్ పర్సన్' కాల్ ఉండేది, దాని నుంచి వచ్చిన మాటంటారు. మా నాన్నగారి నంబరు ఎదురింటి పోస్టుమాస్టారుగారిది. ఫోను రాగానే వాళ్ళమ్మాయి గోడ మీంచి "మీకు ఫోనండీ" అని కేకేసేది. మేం వెళ్ళేసరికి రిసీవరు బల్ల మీద పక్కకి పెట్టి ఉండేది, దాని పక్కనే ఒక కుర్చీ వేసి ఉండేది. ఆ కుర్చీ నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది.

ఆ ఫోనుకి అద్దె కట్టేది మాస్టారుగారు. మాకు వచ్చిన కాల్ ఆయన లైను మీదుగా వస్తే ఎవరికీ నష్టం లేదు. మేం చేసిన కాల్స్‌కి డబ్బులిచ్చేసేవాళ్ళం, అవి ఆయన మీటరులోనే తిరిగేవి. రిసీవరు చెవికి పెట్టుకున్నది మాస్టారా, మా నాన్నా అనేదాన్ని బట్టి లైనుకి అద్దె మారలేదు. ఫోను పామ్‌కి మోడెమ్‌గా ఉండటమంటే నా దృష్టిలో సరిగ్గా ఇదే. పామ్‌కి సొంత నంబరు లేదు. ఎదురింటి నంబరు పీపీగా ఇచ్చింది. ఎదురింటివాడు కేకేశాడు.

ఈ పోలిక నాకు 2005లో తట్టింది, ఒక బిల్లు చేతిలో పెట్టుకుని కూర్చున్నప్పుడు.

అప్పటి నా మొబైల్ కంపెనీ నెలకింతని కడితే ఎంత వాడినా ఫరవాలేదనే జీపీఆర్ఎస్ ప్యాక్ ఒకటి పెట్టింది. తీసుకున్నాను. నెల తిరిగేసరికి ప్యాక్ డబ్బులు కాక ఇంకో 640 రూపాయలు వచ్చాయి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. ప్యాక్ ఫోన్లో చూసుకునే నెట్‌కి మాత్రమేనట. ఫోనుకి వేరే పరికరం తగిలిస్తే అది వేరే ఖాతా కింద, ఎంబీకి పది రూపాయల చొప్పున. నేను వాడింది 64 ఎంబీ.

"టవరు నుంచి నా ఫోను దాకా వచ్చింది ఒకటే కదమ్మా. ఫోన్లోంచి పామ్‌కి వెళ్ళింది నా సొంత బ్లూటూత్ మీద. మీ టవరుకి ఇందులో అదనంగా పడిన పనేమిటి?" అని అడిగాను.

"సర్, సిస్టంలో అలాగే ఉంది సర్" అంది. తప్పు ఆ అమ్మాయిది కాదు.

సిస్టంలో ఎలా ఉందో తర్వాత నేనే కనుక్కున్నాను. ఫోను నెట్‌వర్కుని అడ్రసు అడిగేటప్పుడు ఏ గుమ్మంలోంచి రావాలనుకుంటోందో కూడా చెప్పాలి. దాన్ని ఏపీఎన్ అంటారు. ఆ కంపెనీకి రెండు గుమ్మాలుండేవి. ఒకటి ఫోన్ బ్రౌజరు కోసం. అక్కడ మధ్యలో ప్రాక్సీ అనే కాపలా సర్వరు కూర్చుని వెబ్ పేజీలు మాత్రం వదిలేది, మెయిల్ దింపుకునే దారి మూసేసి ఉండేది. రెండోది అన్నిటికీ తెరిచి ఉన్న గుమ్మం, దానికి వేరే ధర. పామ్‌లో వర్సామెయిల్ అనే మెయిల్ ప్రోగ్రాం పని చెయ్యాలంటే రెండో గుమ్మంలోంచి రావాల్సిందే. రెండు గుమ్మాలూ తెరుచుకునేది ఒకే ఇంట్లోకి. గాల్లో ప్రయాణించేది ఒకే రేడియో తరంగం.

కంపెనీ వైపు నుంచి కూడా ఆలోచించాను, అది నా బాధ్యత అనుకుంటాను. వాళ్ళ మాటలో కొంత నిజం ఉంది. ఎంత వాడినా ఒకే ధర అని ప్రకటించేటప్పుడు ఆ చిన్న తెర మీద మనిషి ఎంత చూడగలడో అంచనా వేసుకుని ధర కడతారు. దానికి ల్యాప్‌టాప్ తగిలించి సినిమాలు దింపుకుంటే వాళ్ళ లెక్క తప్పుతుంది. ఒక టవరు కింద ఉన్నవాళ్ళందరూ పంచుకునే గాలి అది, ఒకడు మింగేస్తే మిగతావాళ్ళకి ఉండదు. కాదనను. అలాగైతే ఎన్ని ఎంబీలో ముందే చెప్పి, అంత దాటితే ఆపండి, లేదా డబ్బు అడగండి. నేను ఒప్పుకోనిది పరికరాన్ని బట్టి ధర పెట్టడం. బియ్యం తూచి అమ్మినవాడు ఆ బియ్యంతో అన్నం వండితే ఒక ధర, దోసెలు పోస్తే ఇంకో ధర అంటే ఎవరూ ఊరుకోరు.

ఈ గొడవ మన దగ్గర కంటే అమెరికాలో ఎక్కువ బయటపడింది. 2009 జూన్‌లో ఐఫోన్ సాఫ్ట్‌వేరులో ఫోన్ని మోడెమ్‌గా వాడే 'టెథరింగ్' సౌకర్యం వచ్చింది, కానీ అక్కడ ఐఫోన్ అమ్మే ఏటీ అండ్ టీ ఏడాది పాటు దాన్ని తెరవలేదు. 2010 జూన్‌లో తెరిచినప్పుడు పెట్టిన ధర చూడండి: 25 డాలర్లకి 2 జీబీ ప్లాను, దాని పైన టెథరింగ్‌కి 20 డాలర్లు. ఆ 20 డాలర్లకి ఒక్క ఎంబీ కూడా అదనంగా ఇవ్వలేదు. అదే 2 జీబీ. అప్పటికే కొలిచి అమ్మిన సరుకుని వేరే గిన్నెలో పోసుకున్నందుకు వేసిన రుసుము అది. ఎక్కువ వాడతారనే వాదన ఇక్కడ నిలబడదు, ఎందుకంటే కొలత ముందే ఉంది.

అక్కడిదే ఇంకో మొబైల్ కంపెనీ వెరైజన్ ఇంకో దారి తొక్కింది. టెథరింగ్‌కి డబ్బు కట్టకుండా ఆ పని చేసిపెట్టే యాప్‌లని తన కస్టమర్లకి కనపడకుండా చెయ్యమని గూగుల్‌ని అడిగింది. వెరైజన్ కొనుక్కున్న 700 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రంలో, అంటే రేడియో తరంగాల పట్టీలో, ఒక భాగానికి ముందే ఒక షరతు ఉంది, కస్టమరు తనకి నచ్చిన పరికరాన్నీ యాప్‌నీ వాడుకోవడానికి అడ్డుపడకూడదని. ఆ షరతు చూపించి అక్కడి కమ్యూనికేషన్స్ కమిషన్ విచారణ చేసింది. 2012 జులైలో వెరైజన్ 12.5 లక్షల డాలర్లు కట్టి, ఆ యాప్‌లకి అభ్యంతరం లేదని గూగుల్‌కి చెప్పడానికి ఒప్పుకుంది. అంత పెద్ద కంపెనీకి అది చిల్లర డబ్బే. కానీ నేను ఆ వార్త చదివిన రోజు పాత బిల్లు గుర్తొచ్చి చాలా సంతోషపడ్డాను. స్పెక్ట్రం జనం ఆస్తి. దాన్ని అమ్మేటప్పుడు జనం తరఫున ఒక షరతు రాసినవాళ్ళు ఎక్కడో ఒక చోట ఉన్నారు, ఆ షరతు పనికొచ్చింది.

ఫోను వెనక ఇంకో పరికరం ఉందని కంపెనీకి ఎలా తెలుస్తుందని అడుగుతుంటారు కొందరు. ఒక పద్ధతి చెబుతాను. ఇంటర్నెట్‌లో వెళ్ళే ప్రతి ప్యాకెట్టు మీదా ఒక సంఖ్య ఉంటుంది, అది ఎన్ని మజిలీలు దాటవచ్చో చెప్పేది. ఫోన్లోంచి నేరుగా బయలుదేరితే సాధారణంగా 64 ఉంటుంది. ట్యాబ్లెట్టు నుంచి ఫోను మీదుగా వస్తే ఫోను ఒక మజిలీ కాబట్టి 63 అవుతుంది. ఆ ఒక్క అంకె చూసి పట్టేసుకోవచ్చు. నా ఇంట్లో నా ఫోను వెనక ఎవరున్నారో వెతకడానికి ఇంత శ్రద్ధ పెట్టగలగడం నాకు నచ్చదు. పీపీ ఫోనులో మాట్లాడేది ఎవరి గొంతో ఎక్స్ఛేంజివాళ్ళు వింటూ కూర్చున్నట్టే ఇది.

మనదేశంలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న ఒక మంచి పని చేసింది. చూసే విషయాన్ని బట్టి డేటా ధర మార్చకూడదని నియమం పెట్టింది. ఈ వెబ్‌సైట్ ఉచితం, ఆ వెబ్‌సైట్‌కి డబ్బు అనడం దాంతో కుదరకుండా పోయింది. ఏం చూస్తున్నావని అడగకూడదన్నప్పుడు దేంట్లో చూస్తున్నావని కూడా అడగకూడదని అదే కలంతో రాసి ఉంటే బాగుండేదని నా కోరిక. ఇప్పటి ప్లాన్లలో రోజుకి ఒకటిన్నర జీబీ, రెండు జీబీ అని కొలిచే ఇస్తున్నారు, హాట్‌స్పాట్ పెట్టుకుంటే చాలామందికి ఎవరూ ఏమీ అనడం లేదు. కానీ ఎవరూ అనకపోవడం వేరు, అనే అధికారం లేకపోవడం వేరు. లెక్కలేని డేటా ప్లాన్లు మళ్ళీ వస్తున్న కొద్దీ ఈ ప్రశ్న మళ్ళీ తలుపు తడుతుంది.

"ఇంకా ఎందుకండీ ఈ గోల, ఇప్పుడు ఫోనే అన్నీ చేస్తోంది కదా" అంటాడు మా మేనల్లుడు. వాడన్నది సగం నిజం. పామ్ చేసే పనులన్నీ ఇవాళ ఫోను చేస్తుంది. కానీ చేతిలో పట్టుకునే వేరే పరికరాలు పోలేదు, పెరిగాయి. చదువుకునే రీడర్లు, ట్యాబ్లెట్లు, దుకాణాల్లో కార్డు గీకే మిషన్లు, వేలిముద్ర మిషన్లు. వీటిని అమ్మేవాళ్ళ ధోరణి ఒకటే, ఒక్కోదానికి ఒక్కో సిమ్, ఒక్కో రీచార్జి. చేతి గడియారానికి కూడా విడిగా కనెక్షన్ తీసుకోమంటున్నారు.

దీన్ని నేను డబ్బు కోసమే వ్యతిరేకించడం లేదు. రేడియోని పరికరంలో బిగించేస్తే ఆ రేడియో తరం చచ్చినప్పుడు పరికరం కూడా చస్తుంది. 2021లో అమెరికాలో 3జీ టవర్లు మూసేసే గడువు దగ్గర పడ్డప్పుడు అమెజాన్ తన పాత కిండిల్ రీడర్లు కొన్నవాళ్ళకి కబురు పెట్టింది. మొదటి రెండు తరాల కిండిళ్ళలో వైఫై లేదు, సెల్ రేడియో ఒక్కటే. అవి ఇక నెట్ నుంచి పుస్తకాలు దింపుకోలేవు. వాటి తర్వాత వచ్చి వైఫై ఉన్నవి మాత్రం ఫోను హాట్‌స్పాట్ మీద పని చేయగలిగాయి. తెర బాగానే ఉంది, బ్యాటరీ మార్చుకోవచ్చు, అక్షరాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. లోపల బిగించిన ఒక్క ముక్క వల్ల మిగతాదంతా ఒంటరిదైపోయింది. మన దగ్గర సీడీఎంఏ అనే పాత రకం నెట్‌వర్కు డేటా కార్డులకి పట్టిన గతి కూడా ఇదే, మా బీరువాలో ఇంకా రెండున్నాయి. రేడియో తరాలు మారడం ఆగదు. మారే ముక్కని ఫోన్లో ఉంచి, పరికరం దాన్ని అడిగి తీసుకుంటే, ఫోను మార్చిన రోజున పరికరం కూడా కొత్త టవరుకి మారినట్టే.

ఇది నిజమో కాదో చూద్దామని కిందటి సంక్రాంతి సెలవుల్లో అటక మీంచి టంగ్‌స్టన్ టి, 6310ఐ రెండూ దింపాను. పామ్ బ్యాటరీ నిల్వ పోగొట్టుకుంది, ఛార్జరుకి తగిలించే ఉంచాలి. ఛార్జి పూర్తిగా పోతే అందులో దాచినవన్నీ చెరిగిపోతాయి, కాబట్టి మళ్ళీ మొదటి నుంచి, పుల్లతో గ్రాఫిటీ అనే పామ్ లిపి గీతలు గీస్తూ అన్నీ నింపాను. ముందు నా ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోనుతో కలిపి చూశాను. జత కలిసింది గానీ నెట్ ఇవ్వలేదు. ఈ ఫోన్లకి బ్లూటూత్ మీద నెట్ పంచే వేరే పద్ధతి వచ్చు, పామ్‌కి వచ్చిన డయలప్ పద్ధతి రాదు. ఏటీ అంటే వినిపించుకునేవాడు లేడక్కడ. కొంచెం బాధేసింది.

తర్వాత 2జీ ఇంకా ఉన్న సిమ్ ఒకటి అడాప్టరులో పెట్టి నోకియాలో వేశాను. పామ్‌లో స్టార్ 99 హ్యాష్ రాసి తట్టాను. పది సెకన్లు. తెర మీద కనెక్ట్ అయినట్టు గుర్తు వచ్చింది, ఐపీ అడ్రసు వచ్చింది. 2002 నాటి రెండు వస్తువులు, ఇవాళ్టి నెట్‌వర్కు, మధ్యలో 1981 నాటి భాష. మెయిల్ మాత్రం రాలేదు, ఇప్పటి సర్వర్లు అడిగే ఎన్‌క్రిప్షను ఆ పామ్‌కి చేతకాదు. పెద్ద వెబ్‌సైట్లూ అందుకే తెరుచుకోలేదు. ఆ తాళాలు వేరు, వాటిని తప్పు పట్టను, భద్రత కోసం వేసినవి. నా సొంత సర్వరు మీద ఎన్‌క్రిప్షన్ లేని సాదా పేజీ ఒకటి పెట్టుకుని తెరిచాను. పామ్‌లో తెలుగు అక్షరాలు రావు, అందుకని ఇంగ్లీషు అక్షరాల్లోనే నమస్కారం అని రాసుకున్నాను. అది తెర మీద కనబడ్డప్పుడు మా ఆవిడని వంటింట్లోంచి పిలిచి చూపించాను.

చివరిగా ఇంకో చోటు సంగతి చెప్పాలి. 2018 వేసవిలో జి.మాడుగుల వైపు ఒక ఊళ్ళో ఆరోగ్య కేంద్రానికి మిషను చూడటానికి వెళ్ళాను. పక్కనే రేషన్ డిపో. కోటా బియ్యం కోసం పొద్దున్నే వచ్చిన ఆడవాళ్ళు పాతికమంది దాకా చింతచెట్టు కింద కూర్చుని ఉన్నారు. డీలరు చేతిలో వేలిముద్ర మిషను, అందులో సిమ్ ఉంది గానీ సిగ్నల్ లేదు. వేలిముద్ర వెళ్ళి ఆధార్ సర్వరులో సరిపోలితే గానీ బియ్యం తూచడానికి లేదు. ఆయన మిషనుని పైకెత్తి పట్టుకుని మెట్టమీదకి వెళ్ళొచ్చాడు, చెట్టు కిందకి వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. ఒక ముసలమ్మ ముద్ర మూడుసార్లు వేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

నా ఫోనుకీ సిగ్నల్ లేదు. ఇంతలో డీలరుగారబ్బాయి వచ్చాడు, ఇంటర్ చదువుతున్న కుర్రాడు. వాడి ఫోన్లో వేరే కంపెనీ సిమ్.

"నాన్నా, నా దాంట్లో ఒక గీత వస్తోంది. నెట్ ఇస్తానుండు" అన్నాడు.

ఫోన్ని కిటికీ ఊచల మధ్య సిగ్నల్ వచ్చే చోట నిలబెట్టి హాట్‌స్పాట్ పెట్టాడు. మిషన్లో వైఫై తెరిచి పాస్‌వర్డు కొట్టాడు. మిషను ఒక నిమిషం ఆలోచించింది. డీలరు ముసలమ్మ చెయ్యి తుడిచి, వేలు పట్టుకుని అద్దం మీద పెట్టాడు. కాగితం బయటికి వచ్చింది.

"పడిందా బాబూ?" అంది ఆవిడ.

"పడిందమ్మా. సంచి పట్టు" అన్నాడు డీలరు. కుర్రాడు కిటికీ దగ్గరే నిలబడ్డాడు, ఫోను జరగకుండా చెయ్యి ఆనించి, మధ్యాహ్నం దాకా.